టేబుల్ సొరుగు

మా పెదనాన్న పోయిన తొమ్మిదో రోజు సాయంత్రం, పెద్దకర్మకి వంటవాళ్ళతో బేరం తెగాక, అన్నయ్య నన్ను పక్కకి పిలిచాడు. "నువ్వేవో వెబ్ పత్రికల్లో రాస్తుంటావంట కదరా. నాన్న గురించి ఓ పేజీన్నర రాసిపెట్టు. సంస్మరణ సంచిక వేస్తున్నాం, మల్టీకలర్" అన్నాడు. నేను రాసేవి పుస్తక సమీక్షలు. అవీ ఏడాదికి మూడో నాలుగో, అందులో సగం ఆ పుస్తకాలు రాసినవాళ్ళకి నచ్చనివి. ఆ సంగతి తనకి తెలీదు. సరేనన్నాను.

మాది నూజివీడు పక్కన ఓ ఊరు. 2022దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఏలూరు జిల్లా. మ్యాప్ మారింది గానీ మామిడి తోటలు అక్కడే ఉన్నాయి. ఊళ్ళోకి వస్తుంటే మలుపులో ఫ్లెక్సీ కట్టారు. పెదనాన్న తెల్లచొక్కా, పైన "రైతు బాంధవుడు", కింద "సొసైటీ మాజీ అధ్యక్షులు". ఫ్లెక్సీ అడుగున పద్ధెనిమిది మంది ఫోటోలు. అందులో నాదీ ఉంది, లింక్డిన్ నుంచి తీసుకున్నారు.

ఆ రాత్రి లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే రెండు పేరాలు బాగానే వచ్చాయి. ఎండాకాలం ఎడ్లబండి మీద తోటకి తీసుకెళ్ళడం, గడ్డిలో మాగేసిన చిన్నరసాలు వాసన చూసి పండింది ఏదో చెప్పేయడం, కలెక్టర్ కాయలంటే ఆయనకి ఉన్న చిన్నచూపు. మూడో పేరాకి సొసైటీ రావాలి. ఆ మాట టైపు చేయగానే నాకు పెదనాన్న గుర్తు రాలేదు. బంగారు లక్ష్మణ్ గుర్తొచ్చాడు.

2001 మార్చి 13, మంగళవారం. నాకు పదకొండేళ్ళు, ఆరో తరగతి. తేదీ ఇంత ఖచ్చితంగా చెప్పగలగడానికి కారణం రాజకీయం కాదు, క్రికెట్. ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మనకి ఫాలో-ఆన్ ఇచ్చిన టెస్టు. ఆ రోజు ఆట ముగిసేసరికి మన హైదరాబాద్ కుర్రాడు లక్ష్మణ్ 109 నాటౌట్. ఆ తర్వాత రోజంతా లక్ష్మణ్, ద్రావిడ్ ఔట్ కాలేదని, 281 కొట్టాడని, మనం 171 పరుగులతో గెలిచామని మీకు తెలుసు. మంగళవారం రాత్రికి మాకు అదేం తెలీదు. హైలైట్స్ వేస్తారేమోనని వసారాలో టీవీ ముందు కూర్చున్నాను. వేరే హైదరాబాదీ లక్ష్మణ్ కనిపించాడు.

బొమ్మ మసగ్గా, వంకరగా ఉంది. ఎక్కడో బల్ల మీద చేతిసంచీలో కెమెరా పెట్టి తీసినట్టు. ఓ పెద్దాయన నోట్ల కట్ట తీసుకుని టేబుల్ సొరుగులో పెట్టాడు. పెట్టి, సొరుగు మూసేశాడు. అంతే. మళ్ళీ మొదటినుంచి చూపించారు. కట్ట, చేయి, సొరుగు. ఆ రాత్రి ఓ ఇరవై సార్లైనా చూసుంటాం. ఆయన దేశాన్ని ఏలుతున్న పార్టీకి జాతీయ అధ్యక్షుడు. ఆ పార్టీకి మొదటి దళిత అధ్యక్షుడు. ఆ పదవికి వచ్చి అప్పటికి ఏడు నెలలు.

తెహెల్కా అనే వెబ్‌సైట్ వాళ్ళు ఆయుధాల వ్యాపారుల్లా వేషం కట్టి, వెస్ట్ ఎండ్ ఇంటర్నేషనల్ అని లేని కంపెనీ ఒకటి పుట్టించి, సైన్యానికి థర్మల్ ఇమేజర్లు అమ్ముతామంటూ ఢిల్లీలో గుమ్మం గుమ్మం తిరిగారు. థర్మల్ ఇమేజర్ అంటే చీకట్లో మనిషిని ఒంటి వేడిని బట్టి చూపించే పరికరం. ఆయన లక్ష రూపాయలు తీసుకుంటూ దొరికాడు. పార్టీ ఫండ్ కోసం తీసుకున్నానన్నాడు. వెంటనే రాజీనామా చేశాడు. ఇంకో నాలుగు రోజుల్లో ఆయనకి అరవై రెండు నిండుతాయి.

ఇవన్నీ తర్వాత చదువుకున్నవి. ఆ రాత్రి నాకు తెలిసింది నవ్వు మాత్రమే.

మా వసారాలో పదిమంది దాకా ఉన్నారు. మార్చి అంటే మా వైపు కాయ నిమ్మకాయంత ఉంటుంది. అప్పటికే చాలా తోటలు పూత మీదే గుత్తకి వెళ్ళిపోయి ఉంటాయి. పూత చూసి రేటు కట్టి, కొంత అడ్వాన్సు ఇచ్చి తోట పట్టుకున్న వ్యాపారి ఇక రోజూ ఆకాశం వంక చూస్తూ గడుపుతాడు. ఒక్క గాలివాన చాలు. అలాంటి గుత్తదారులు, పురుగుమందుల కొట్టాయన, ఇద్దరు ముగ్గురు సొసైటీ డైరెక్టర్లు సాయంత్రమైతే మా ఇంటికి చేరేవాళ్ళు. నోట్ల కట్టలు మాకు కొత్త కాదు. సీజన్లో మా నాన్నమ్మ బియ్యం డబ్బాలో కూడా ఉండేవి. అందుకే టీవీలో ఆ కట్టని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నవ్వారు.

"లక్షకేనా!" అన్నారెవరో.

ఆ "లక్షకేనా" చుట్టూ ఆ రాత్రంతా తిరిగాం. బోఫోర్స్ 64 కోట్లు. లాలూ గడ్డి వందల కోట్లు. సుఖ్‌రామ్ ఇంట్లో కోట్లు. ఈయనేమో లక్ష! జాతీయ అధ్యక్షుడు! మా గుత్తదారు ఒకాయన, "లక్షకైతే మన పదెకరాల తోట కూడా రాదయ్యా" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. తప్పు చేసినందుకు కాదు, చిన్న తప్పు చేసినందుకు నవ్వారు. తినడం చేతకాలేదని. అప్పుడు పెదనాన్న, కుర్చీలో వెనక్కి వాలి, ఎప్పట్లాగే నెమ్మదిగా అన్నాడు. "అలవాటు లేనోళ్ళని పెద్ద కుర్చీలో కూర్చోబెడితే ఇంతే."

అందరికీ అర్థమైంది. నాకూ అర్థమైంది. పదకొండేళ్ళకి మా ఊళ్ళో పిల్లాడికి ఎక్కాలు సగమే వచ్చుండొచ్చు గానీ ఈ వాక్యానికి అర్థం పూర్తిగా వచ్చు.

స్తంభం దగ్గర మా తోట కాపలా ఆయన నిలబడి ఉన్నాడు. టీవీ చూడటానికి ఆయన ఎప్పుడూ అక్కడే నిలబడేవాడు. గడప దాటేవాడు కాదు, కూర్చునేవాడు కాదు. ఇప్పుడు "ఆయన" అని రాస్తున్నాను. అప్పట్లో అరవై ఏళ్ళ మనిషిని మేం పిల్లలం కూడా పేరు పెట్టి "ఏరా" అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని "బాబుగారూ" అనేవాడు. ఆ రాత్రి ఆయన టీవీ వంక చూస్తూ, "ఆయన మన తెలుగాయనేనాండీ?" అని అడిగాడు.

"తెలుగోడే. మీవోడే" అన్నాడు పెదనాన్న.

మళ్ళీ నవ్వు. కాపలా తాత కూడా నవ్వాడు. నేను కూడా. క్రికెట్ లక్ష్మణ్, ఈ లక్ష్మణ్ అని నేనేదో జోకు వేశాననీ, దానికి పురుగుమందుల కొట్టాయన వీపు తట్టాడనీ గుర్తు. జోకు గుర్తులేదు, వీపు తట్టడం గుర్తుంది.

రెండు రోజుల తర్వాత, మార్చి 15న, ఈడెన్ గార్డెన్స్‌లో మనం గెలిచాం. అదే రోజు రక్షణమంత్రి జార్జి ఫెర్నాండెజ్ రాజీనామా చేశాడు. విచారణకి జస్టిస్ వెంకటస్వామి కమిషన్ వేశారు. ఆ కమిషన్ పని చేస్తుండగానే, అక్టోబర్‌లో, ఫెర్నాండెజ్ అదే శాఖకి మళ్ళీ మంత్రి అయ్యాడు. 2002లో వెంకటస్వామి తప్పుకున్నారు. జస్టిస్ ఫుకన్ వచ్చారు. 2004లో ప్రభుత్వం మారాక కమిషన్‌ని ఆపేసి సీబీఐకి ఇచ్చారు. సీబీఐ 2006లో చార్జిషీటు వేసింది. ఆయన సొంత కార్యదర్శే అప్రూవర్ అయ్యాడు. చివరికి 2012 ఏప్రిల్ 27న ఢిల్లీ ప్రత్యేక కోర్టు బంగారు లక్ష్మణ్‌ని దోషి అంది. మర్నాడు నాలుగేళ్ళ కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా వేసింది. తీసుకున్నదెంతో జరిమానా అంత.

2012 నాటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది. మాదాపూర్‌లో, ముగ్గురు ఒక రూములో ఉండే హాస్టల్. అది 2జీ రోజులు. కాగ్ లెక్క 1,76,000 కోట్లు పేపర్లో చూసీ చూసీ సున్నాల మీద గౌరవం పోయిన కాలం. ఆ శనివారం హాస్టల్ టీవీలో స్క్రోలింగ్ చూసి నేను ఫేస్‌బుక్‌లో ఓ పోస్టు పెట్టాను. లక్షని నలభై ఎనిమిది నెలలతో భాగిస్తే నెలకి 2,083 రూపాయలు. మా ఆఫీసు సెక్యూరిటీ గార్డుకి ఇంతకన్నా మంచి ప్యాకేజీ ఉంది, పైగా పీఎఫ్. ఇదీ జోకు. నూటనలభై లైకులొచ్చాయి. ఇప్పుడు కుంటిసాకు చెప్పొచ్చు, నేను నవ్వింది వ్యవస్థ మీద అని. కాదు. పదకొండేళ్ళప్పుడు నేర్చుకున్న "లక్షకేనా"నే కాలిక్యులేటర్‌తో అన్నాను. అందులో సెక్యూరిటీ గార్డుని ఎందుకు లాగానో చూడండి. నవ్వించడానికి నాకు తక్కువ జీతం మనిషి కావాల్సి వచ్చాడు.

నేను బంగారు లక్ష్మణ్‌ని వెనకేసుకు రావడం లేదు. డబ్బు తీసుకోవడం కెమెరాలో ఉంది. కోర్టు శిక్ష వేసింది. ఆయన 2014 మార్చి 1న హైదరాబాద్‌లో పోయేనాటికి అప్పీలు తేలలేదు. అంతకు మించి నేను చెప్పగలిగేది లేదు. ఆయన నాగపూర్‌లో అధ్యక్షుడిగా మాట్లాడిన మొదటి ప్రసంగంలో ముస్లింలకి దగ్గర కావాలని పార్టీకి చెప్పాడనీ, ఎమర్జెన్సీలో జైలుకెళ్ళాడనీ ఆయన పోయాక వచ్చిన నివాళుల్లో చదివాను. అవి ఆ సొరుగుని తెరవవు, మూయవు. నన్ను తొలిచేది వేరే. సరిగ్గా అలాంటి కెమెరాకే దొరికిన దిలీప్ సింగ్ జూదేవ్ 2003లో కేంద్రమంత్రి పదవి పోగొట్టుకుని, 2009లో బిలాస్‌పూర్ నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఆయన ఒకప్పటి సంస్థానం రాజకుటుంబం మనిషి. ఇంట్లో కోట్లు దొరికిన సుఖ్‌రామ్ సొంత పార్టీ పెట్టి 1998లో హిమాచల్‌లో ప్రభుత్వం నిలబెట్టాడు. వీళ్ళకి తిరిగి రావడానికి ఒక ఊరు ఉంది. ఊరంటే జనాభా కాదు. "మావోడు" అని గర్వంగా అనే గుంపు. బంగారు లక్ష్మణ్‌ని "మీవోడు" అన్నవాళ్ళని చూశాను. "మావోడు" అన్నవాళ్ళు ఉండే ఉంటారు. మా వసారాలోకి మాత్రం వాళ్ళ గొంతు రాలేదు. (2004లో ఆయన భార్య సుశీలా లక్ష్మణ్ రాజస్థాన్‌లోని జాలోర్ నుంచి ఎంపీగా గెలిచారు. పార్టీ పూర్తిగా వదిలేసిందనడానికి లేదు. కానీ జాలోర్ ఎక్కడ, హైదరాబాద్ ఎక్కడ.)

మన దగ్గర సంగతి మీకు తెలిసిందే. బంగారు లక్ష్మణ్‌కి శిక్ష పడిన నెల తర్వాత, 2012 మే 27న, జగన్‌ని సీబీఐ అరెస్టు చేసింది. జూన్‌లో ఉపఎన్నికలు జరిగిన 18 అసెంబ్లీ సీట్లలో ఆయన పార్టీ 15 గెలిచింది. 2019లో ముఖ్యమంత్రి అయ్యాడు. 2023 సెప్టెంబర్ 9న చంద్రబాబుని సీఐడీ అరెస్టు చేసింది, రాజమండ్రి జైల్లో 53 రోజులు. మా ఆఫీసు కారిడార్లలో ఎప్పుడూ క్లౌడ్ బిల్లుల గురించి తప్ప మాట్లాడని వాళ్ళు నల్ల రిబ్బన్లు కట్టుకున్నారు. 2024 జూన్‌లో ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ కేసుల్లో ఏది నిజమో తేల్చడం కోర్టుల పని, నాది కాదు. నేను చూసింది మా ఊరిని. ఒక వీధి 2012లో ఏడ్చింది, మిఠాయి పంచింది పక్క వీధి. 2023లో ఆ పక్క వీధి రాత్రి ఏడింటికి కంచాలు మోగించింది, మొదటి వీధి టపాకాయలు కాల్చింది. రెండు వీధులూ ఒకే మాట అనేవి, పార్టీ పేరు మార్చుకుని. "మావాడు తప్పు చేయడు. చేసినా అందరూ చేసేదే చేశాడు. మీవాడు మాత్రం దొంగ." రెండు వీధులకీ అవతల, చెరువు గట్టు కింద, మూడో వీధి ఉంది. దాని అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఓటు అడిగారు.

ఇక సొసైటీ.

2001లోనే, సీజన్ అయిపోయాక, వానలు మొదలైనప్పుడు, పెదనాన్న మీద విచారణ వచ్చింది. సహకార చట్టంలో సెక్షన్ 51 అని ఉంటుంది. సంఘం లెక్కల్లో తేడాలొస్తే దాని కింద విచారణ వేస్తారు. తేడా తేలితే సెక్షన్ 60 కింద ఆ మొత్తాన్ని బాధ్యుల దగ్గర వసూలు చేయొచ్చు, దాన్ని సర్‌చార్జి అంటారు. ఈ నంబర్లు అప్పట్లో మా ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునేవాళ్ళు. తేడా ఏమిటంటే, పంట రుణాలు. తీసుకున్నవాళ్ళలో కొందరు మనుషులు, కొందరు పేర్లు మాత్రమే. చనిపోయిన ఒకాయన ఎరువులకి అప్పు తీసుకున్నాడు. గల్ఫ్‌లో ఉన్న ఒకాయన మా ఊళ్ళో వేలిముద్ర వేశాడు.

విచారణాధికారి మూడు రోజులు వచ్చాడు. సొసైటీ ఆఫీసులో పెదనాన్న బల్ల దగ్గరే కూర్చుని స్టేట్‌మెంట్లు రాసుకున్నాడు. మధ్యాహ్నం భోజనం మా ఇంటినుంచే క్యారేజీలో వెళ్ళింది. ఎవరిమీద విచారణో వాళ్ళ ఇంటి ముద్దపప్పు తింటూ విచారణ ఎలా జరుగుతుందని మీరు అడగొచ్చు. అలాగే జరుగుతుంది. క్యారేజీ పట్టుకెళ్ళింది నేనే. రెండో రోజు వెళ్ళేసరికి లోపల కాపలా తాత నిలబడి ఉన్నాడు. ఆయన పేరు మీద కూడా ఒక పంట రుణం ఉంది. ఎనిమిది వేలు. ఆయనకి సెంటు భూమి లేదు.

"అయ్యగారి పొలం కౌలుకి చేశానండీ. నేనే తీసుకున్నానండీ అప్పు" అన్నాడు. అధికారి రాసుకుని, స్టాంపు ప్యాడ్ ముందుకు తోశాడు. ఆయన వేలు ముద్రేసి, ఆ మరకని తలకి తుడుచుకున్నాడు. నేను క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ బల్లకీ ఒక సొరుగు ఉంది. అందులో ఏముండేదో నాకు తెలీదు. అక్కడ కెమెరా పెట్టినవాళ్ళెవరూ లేరు.

ఊరు ఏమంది? నాలుగు రోజులు టీకొట్టు దగ్గర గట్టిగా మాట్లాడుకున్నారు. "తిన్నాడు, కానీ అడిగినప్పుడు యూరియా ఇప్పించాడు" అన్నారు. "ఎవడు తినట్లేదు?" అన్నారు. "కిట్టనోళ్ళు అర్జీ పెట్టారు" అన్నారు. అర్జీ పెట్టినవాళ్ళు ఎవరో కనుక్కునే పని సర్కారు విచారణ కంటే చురుగ్గా సాగింది. చివరికి ఎక్కువ భాగం గుమాస్తా నెత్తిన పడింది. పెదనాన్న కొంత కట్టాడు. ఓ రెండేళ్ళు తెల్లచొక్కా కాస్త తక్కువ వేసుకుని తిరిగాడు. తర్వాత వచ్చిన ఎన్నికల్లో మళ్ళీ ప్రెసిడెంటు. ఊరేగింపులో ట్రాక్టర్ మీద నేనూ ఎక్కాను. "లక్షకేనా" అని ఎవరూ నవ్వలేదు. మొత్తం ఎంతో లెక్కేస్తే లక్షకి పైనే ఉండాలి.

ఆయన చెడ్డవాడని తేల్చేసి ఒడ్డున పడదామంటే కుదరదు. నా ఇంటర్ మొదటి వాయిదా ఫీజు ఆయన కట్టాడు. ఆ ఏడు గాలివానకి కాయ రాలిపోయి, నాన్న నాలుగు చోట్ల అప్పు అడిగి ఖాళీ చేతులతో వచ్చాడు. విజయవాడలో కాలేజీ గేటు ముందు పెదనాన్న బనియన్ జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టకుండా ఇచ్చాడు. ఆ డబ్బు ఏ సొరుగులోదో నేను అడగలేదు. ఆ ఫీజు మీద ఇంజనీరింగ్, ఇంజనీరింగ్ మీద ఈ ఉద్యోగం, ఉద్యోగం మీద ఈ తీరిక, తీరిక మీద ఈ వ్యాసం.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర కాపలా తాత కొడుకు కనిపించాడు. తాత పోయి పదేళ్ళు దాటింది. కొడుకు నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, చిన్నప్పుడు చిక్కం కర్రతో కాయ దింపడం నాకు నేర్పింది అతనే. ఇప్పుడు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ. మా ఆఫీసు గేటు దగ్గర రోజూ దించుతాడట జనాన్ని. "అన్నా" అన్నాను. జీవితంలో మొదటిసారి అన్నాను అతన్ని ఆ మాట. అతను ఒక్క క్షణం ఆగి, "బాగున్నారా" అన్నాడు. మీరు అనడం మానలేదు.

సంచిక సంగతి చెప్పాను. మీ నాన్న గురించి కూడా రెండు ముక్కలు రాస్తానన్నాను, పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా. అతను నవ్వాడు.

"రాస్తే లోన్ సంగతి రాయండి" అన్నాడు.

నాకు తెలియని భాగం అప్పుడు చెప్పాడు. 2004 ప్రాంతంలో ఎస్సీ కార్పొరేషన్ సాయంతో ఆటో కొనుక్కుందామని అప్లికేషన్ పెట్టాడు. బ్యాంకు వాళ్ళు సొసైటీ నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇంటి పెద్ద పేరు మీద సొసైటీలో బాకీ ఉంది, వడ్డీతో పెరిగి ఉంది. తండ్రీకొడుకులు ఇద్దరూ మా ఇంటికి వచ్చి స్తంభం దగ్గర నిలబడ్డారు. "ఈ సీజన్ అవ్వనీరా, చూద్దాం" అన్నాడు పెదనాన్న. ఆ సీజన్ అయింది. ఇంకో సీజన్ అయింది. ఆటో రాలేదు. ఆ బాకీ తనది కాదని తాత ఎక్కడా అనలేదు. అంటే 2001లో చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి, అయ్యగారి పరువు పోతుంది. 2008లో కేంద్రం రైతు రుణమాఫీ ప్రకటించింది. లిస్టు సొసైటీ గోడకి అంటించారు. అందులో తాత పేరు ఉంది.

"ఊరంతా నవ్వారండీ. సెంటు భూమి లేనోడికి పంట రుణమాఫీ అంట అని. మా నాన్న పేరు పక్కన ఎవడో పెన్నుతో మామిడికాయ బొమ్మ గీశాడు. ఆ నెల రోజులూ ఆయన సెంటర్‌కి వెళ్ళలేదు."

"ఆయన ఏమన్నాడు?"

"ఏమంటాడు. పోన్లేరా, తీరిపోయింది కదా అన్నాడు."

ఇంకోటి కూడా అడిగాను, ఆ మార్చి రాత్రి టీవీ సంగతి ఇంట్లో ఎప్పుడైనా అన్నాడా అని. అతనికి గుర్తుంది. ఆ రాత్రి తాత ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాడట. భార్య అడిగితే, "ఢిల్లీలో మనోడొకడు డబ్బు తీసుకుంటూ దొరికాడే. ఇక్కడ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు" అన్నాడట. మేం నవ్వాం. తాత తలదించుకున్నాడు. తనకి రూపాయి ముట్టని లంచానికి. అదే ఏడు మా ఇంట్లో దానికన్నా పెద్ద సంగతి జరిగితే మేం ఎవరం తలదించుకోలేదు, క్యారేజీ పంపాం. ఒక మనిషి చేసిన తప్పుకి ఎవరెవరు సిగ్గుపడాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆ సిగ్గు జూదేవ్ వల్ల ఎంతమందికి వచ్చింది? నా పెదనాన్న వల్ల నాకు ఇరవై నాలుగేళ్ళు పట్టింది. అదీ సిగ్గో, సిగ్గు గురించి రాసుకునే సరదానో నాకు ఇంకా తేలలేదు.

వెళ్ళేముందు అతనికి ఒక పెట్టె చిన్నరసాలు కారులో పెట్టబోయాను. "వద్దులెండి, మాకూ చెట్టుంది ఇప్పుడు" అన్నాడు.

హైదరాబాద్ వచ్చాక సంచికకి రాసింది పూర్తి చేశాను. ఎడ్లబండి ఉంది, చిన్నరసాల వాసన ఉంది, నా ఫీజు ఉంది. సొసైటీ కూడా ఉంది, కాపలా తాత వేలిముద్రతో, ఎనిమిది వేలతో, గోడ మీద లిస్టుతో సహా. అన్నయ్యకి పంపే ధైర్యం చాలక ముందు నాన్నకి వాట్సాప్‌లో పంపాను. రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. గంట గడిచింది. నాన్న ఫోన్ చేశాడు. కాసేపు వానల సంగతి మాట్లాడాడు. నున్న మార్కెట్లో ఈసారి తరుగు ఎక్కువ తీశారన్నాడు.

"ఇది సంచికలో వెయ్యరురా" అన్నాడు తర్వాత.

"తెలుసు నాన్నా."

మళ్ళీ కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల అమ్మ ఎవరినో పిలుస్తున్న గొంతు వినిపించింది.

"ఎనిమిది వేలు కాదు" అన్నాడు. "పన్నెండు."